ఎక్కినవాళ్ల లెక్క

డిగ్రీ ఫలితాలు వచ్చిన ఏడాది, జూన్ నెలలో ఒక సోమవారం, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చిన్న సర్వే సంస్థలో క్షేత్ర పరిశీలకురాలిగా చేరాను. హోదా పేరు పెద్దదే గానీ ఆఫీసు మెట్లలో అది చిట్టచివరిది. నా పైన సూపర్‌వైజర్, ఆయన పైన ప్రాజెక్టు చూసే ప్రసాదరావు సార్ ఉండాలి. సూపర్‌వైజర్ కుర్చీ నేను చేరేనాటికే ఖాళీ. అందుకని నేను నేరుగా సార్‌కే జవాబు చెప్పుకోవాలి. మా ఆఫీసు మెట్రో మెట్లకు ఎదురు సందులో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండేది. కింద రోజంతా మైకులో లెక్కల పాఠం నడుస్తుంటే పైన మేము ఊళ్ల లెక్కలు వేసుకునేవాళ్లం.

నేను ఆ ఉద్యోగంలో చేరానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మాది నల్గొండ వైపు నుంచి వచ్చి అల్మాస్‌గూడలో కిరాయికి ఉన్న కుటుంబం. ఇంటికి చుట్టాలు వస్తే నేను పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి పోయే రకం. ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడాల్సి వస్తే ముందు రోజు డైరీలో రాసుకుని చూసుకునేదాన్ని. "చుట్టాలొస్తేనే అర్రల దాక్కుంటవు, ఊరోళ్ల ఇండ్లకు పోయి ఏం అడుగుతవే?" అంది అమ్మ. చేతిలో ఫారం ఉంటే మాట్లాడటం కొంత తేలికని తర్వాత తెలిసింది. ప్రశ్న నాది కాదు, ఫారానిది. నేను దాన్ని మోసుకొచ్చిన మనిషిని మాత్రమే.

మా సంస్థ ముఖ్యమైన పని గ్రామ ప్రొఫైల్ తయారు చేయడం. ఒక ఊరికి బస్సు వేయాలా వద్దా అని డిపో వాళ్లు నిర్ణయించుకునే ముందు మాలాంటి వాళ్లతో ఆ ఊరి స్థితి రాయించుకుంటారు. ప్రొఫైల్‌లో రెండు భాగాలుంటాయి. మొదటిది జనాభా. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబం. అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఉన్నా పొయ్యిలు రెండైతే కుటుంబాలు రెండు. ఆరు నెలలుగా రాత్రి ఊళ్లో పడుకుంటున్నవాళ్లే నివాసులు. రేషన్ కార్డు ఊళ్లో ఉండి, మనిషి దిల్‌సుఖ్‌నగర్‌లో రూము తీసుకుని ఉంటే లెక్కలోకి రాడు. ప్రతి ఊళ్లోనూ వాదన ఇక్కడే మొదలవుతుంది. నా కొడుకు ఇక్కడ లేకపోతే మరి ఎక్కడున్నట్టు, బోనాలకు వచ్చేది ఇక్కడికే కదా అని ఒక ముసలమ్మ నన్ను చాలాసేపు కూర్చోబెట్టి అడిగింది. ఆమె వాదనలో తప్పేమీ కనిపించలేదు. కానీ ఫారంలో ఆ గడి లేదు.

రెండో భాగం రవాణా. పెద్ద రోడ్డు ఎంత దూరం, ఊరి రోడ్డు ఎలా ఉంది, ఎవరు ఏ పనికి ఎటు పోతారు, దేని మీద పోతారు. ఇవన్నీ అడిగి రాసుకున్నాక చివరికి ఉదయపు లెక్క ఉంటుంది. ఊరి స్టేజీ దగ్గర తెల్లవారినప్పటి నుంచి పనివేళ దాటే దాకా కూర్చుని, అక్కడ బండి ఎక్కే ప్రతి మనిషికీ ఒక గీత గీయాలి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అది ఐదు. పక్కన ఎక్కడికి పోతున్నారో రాయాలి. ఎక్కినవాళ్లకే గీత, నిలబడ్డవాళ్లకు కాదు. ఈ నియమం ఎందుకో ప్రసాదరావు సార్ మొదటి వారమే చెప్పారు. వెనకటికి ఎక్కడో ఒక ఊళ్లో జనమంతా స్టేజీలో నిలబడి మాకు బస్సు కావాలన్నారట. నిలబడ్డవాళ్లందరినీ లెక్కపెట్టి బస్సు వేస్తే అది ఖాళీగా తిరిగి తిరిగి ఆగిపోయిందట. సార్‌ది కృష్ణా జిల్లా. ఎంత పెద్ద విషయమైనా నింపాదిగా చెబుతారు.

"నిలబడ్డానికి టిక్కెట్టు ఉండదమ్మా," అన్నారు.

నేను చెప్పబోయే ఊరు తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డు మీంచి లోపలికి ఉంటుంది. అసలు పేరు రాయను, జొన్నగూడెం అంటాను. పూర్వం ఆ ఊరికి బస్సు వచ్చేది. రోడ్డు గుంతలు పడి పాడైనప్పుడు ఆపేశారు. తర్వాత కొత్త రోడ్డు పడింది గానీ బస్సు మళ్లీ రాలేదు. ఊరివాళ్లు అర్జీ పెట్టుకున్నారు. డిపో వాళ్లు ప్రొఫైల్ అడిగారు. వానలు మొదలైన వారంలో నన్ను ఆ ఊరికి వేశారు.

ఇంటింటికీ తిరిగిన మూడు రోజుల్లో ఒక సంగతి అర్థమైంది. పగలు ఆ ఊళ్లో తాళాలే ఎక్కువ. మేస్త్రీలు, చీరల షాపుల్లో సేల్స్ అమ్మాయిలు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్‌లు, ఆకుకూరలు అమ్మే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, అందరూ పొద్దున్నే ఎల్బీ నగర్ వైపు పోయి చీకటి పడేసరికి వస్తారు. తాళం వేసిన ఇంటి వివరాలు పక్కింటివాళ్లను అడగకూడదు. మళ్లీ సాయంత్రం రావాలి. అలా సాయంత్రాలు తిరుగుతున్నప్పుడు మంజుల పరిచయమైంది.

మంజుల ఎల్బీ నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. నాకంటే రెండేళ్లు చిన్న. వాళ్ల ఇంటి గడపలో కూర్చుని నేను ఫారం నింపుతుంటే తలకిందులుగా చదివేసి, నేను అడగకముందే తర్వాతి ప్రశ్నకు జవాబు చెప్పేది. నా గొంతు మరీ చిన్నగా ఉందని గమనించి, తర్వాతి ఇళ్లకు తనే నాతో వచ్చింది. గడపలో నిలబడి "లెక్కల మేడమొచ్చింది" అని కేకేసి పక్కకు జరిగేది. ఆమెకు ఈ బస్సుతో ఉన్న అవసరం మిగతా ఊరికి లేదు. సాయంత్రం క్లాసు అయ్యాక ఎల్బీ నగర్ నుంచి ఊరి వైపు వచ్చే షేర్ ఆటో నిండితే గానీ కదలదు. నిండాక వచ్చినవాళ్లకు చోటుండదు. వారంలో సగం రోజులు ఆమె ఇల్లు చేరేసరికి చీకటి. వాళ్ల నాయిన మేస్త్రీ. బిడ్డను చదివించాలనే ఉంది గానీ, దసరా లోపు బస్సు సంగతి తేలకపోతే మాన్పిస్తానని తేల్చి చెప్పాడు. హాస్టల్లో పెట్టే స్తోమత లేదు. నేను వాళ్లింట్లో కూర్చున్నప్పుడే ఆ మాట అన్నాడు, అందులో కోపమేమీ లేదు. మంజుల అప్పుడు నా ఫారం వైపు చూసింది గానీ తండ్రి వైపు చూడలేదు.

ఉదయపు లెక్కకు ముందు రోజు గ్రామ పంచాయతీకి నోటీసు ఇవ్వడం పద్ధతి. అన్ని ఊళ్లకూ ఒకటే నోటీసు: రేపు ఉదయం మీ స్టేజీ వద్ద ప్రయాణికుల గణన జరుగును, గ్రామస్థులందరూ సహకరించగలరు. దాన్ని సర్పంచ్ భాగ్యమ్మ చేతికిచ్చి వచ్చాను. భాగ్యమ్మ యాభై దాటిన మనిషి. పొలం పనికి పోయినా పంచాయతీకి వచ్చినా ఒకటే నడక. నోటీసు రెండుసార్లు చదివించుకుని, ఏం ఫికర్ చెయ్యకు, అంతా నేను చూసుకుంటానంది.

మర్నాడు తెల్లవారకముందే నాన్న నన్ను స్కూటర్ మీద దింపాడు. స్టేజీ దగ్గర షామియానా వేసి ఉంది. కింద ప్లాస్టిక్ కుర్చీలు. ఒక మూల పెద్ద గిన్నెలో చాయ్ కాగుతోంది. ఊరంతా అక్కడే ఉంది. ఇస్త్రీ బట్టలు, దువ్విన తలలు, చంకలో చంటిపిల్లలు. మూడు రోజులూ తాళాలు చూసిన ఇళ్లవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో రూముల్లో ఉండేవాళ్లు రాత్రే వచ్చేశారట. నాకోసం ముందు వరసలో ఒక బల్ల, దాని మీద గుడ్డ, గుడ్డ మీద బంతిపూలు. నాన్న స్కూటర్ తిప్పుకుంటూ, ఇది సర్వేనా పెండ్లా అని అడిగి వెళ్లిపోయాడు.

జరిగిందేమిటంటే, ముందు రోజు సాయంత్రం భాగ్యమ్మ పంచాయతీ మైకులో చెప్పించింది. రేపు బస్సు లెక్క, ఒక్కరు కూడా ఊరు దాటి పోవద్దు, పోయినవాళ్ల లెక్క పోతుంది అని. వాళ్ల భయానికి కారణముంది. ఇంతకుముందు ఒకసారి ఇంటింటి సర్వే జరిగిన రోజు ఎవరు ఇంట్లో కనబడితే వాళ్లనే రాసుకున్నారు. ఆ రోజు పనికి పోయినవాళ్లు తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆ ఊళ్లో లెక్క అనే మాట వినబడితే పని మానుకుని ఇంటి దగ్గర నిలబడటం అలవాటైంది. ఆ అలవాటుతోనే ఊరంతా ఆ రోజు కూలి వదులుకుని, సెలవు పెట్టుకుని నాకోసం కూర్చుంది.

"రాసుకో బిడ్డా," అంది భాగ్యమ్మ. "ఒక్కలు గూడ తప్పిపోలే. మంచానున్న మా అత్తను గూడ కుర్చీల కూసోవెట్టినం."

నర్సింహ ఆటో తెచ్చి స్టేజీలో ఆపాడు. ఆ ఊరికి తిరిగే రెండు షేర్ ఆటోల్లో ఒకటి అతనిది. ఎల్బీ నగర్, ఎల్బీ నగర్ అని అలవాటు కొద్దీ రెండుసార్లు అరిచి, ఎవరూ లేవకపోవడం చూసి, ఇంజను ఆపి తనూ ఒక చాయ్ తెచ్చుకున్నాడు. నా కాగితం మీద ఒక్క గీత పడలేదు. మనుషులంతా నా ఎదురుగా ఉన్నారు, నా ముందున్న గడులన్నీ ఖాళీ.

ఆ నియమాన్ని వాళ్లకు చెప్పాల్సిన పని నాదే. మంజుల పక్కన నిలబడి ఉంది కాబట్టి చెప్పగలిగాను. ఊళ్లో ఉన్నవాళ్ల లెక్క అయిపోయిందని, ఈ రోజుది ఊరి నుంచి పోయేవాళ్ల లెక్కని, బండి ఎక్కిన మనిషికే గీత అని చెప్పాను. వినబడలేదని వెనక వరస నుంచి ఎవరో అంటే మంజుల నా మాటలనే గట్టిగా మళ్లీ చెప్పింది. చాయ్ గిన్నె దగ్గర మూత కదిలిన చప్పుడు వినిపించింది.

తర్వాత నవ్వింది నర్సింహే. "బస్సు గావాలని బండెక్కుడు బంజేసిన ఊరు మనదే," అన్నాడు.

భాగ్యమ్మ అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. ఎక్కితేనే గీతంటే ఇప్పుడే ఎక్కుదామంది. చూస్తుండగానే నర్సింహ ఆటో నిండింది. చంటిపిల్లలు, ముసలివాళ్లు, మీద కూర్చున్నవాళ్లు, పక్కన వేలాడేవాళ్లు. ఎక్కడికి పోతున్నారని అడిగాను. గీత పక్కన ఊరి పేరు రాయాలి కదా. "గా మూలమలుపు దాంక పోయొస్తం, రాయి," అన్నారు. నర్సింహ స్టీరింగ్ మీద చెయ్యేసి, మలుపు దాకా పోవడానికి తనకు అభ్యంతరం లేదు గానీ ఈ సవారీకి కిరాయి ఎవరిస్తారో ముందు తేల్చమన్నాడు. అందరూ నా వైపు చూశారు. మూలమలుపు పేరు రాసి నేను గీత గీయలేనని చెప్పాను. ఎక్కినవాళ్లు ఒక్కొక్కరే దిగారు. దిగేటప్పుడు ఎక్కడం కంటే ఎక్కువ సమయం పట్టింది.

మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చేశాను. నర్సింహ ఆటోలో ఎల్బీ నగర్ దాకా నేనొక్కదాన్నే. ఆ రోజు జొన్నగూడెం స్టేజీలో ఎక్కిన మనిషిని నేను మాత్రమే, కానీ పరిశీలకులను లెక్కలో వేయకూడదు. దిగేటప్పుడు మంజుల మాటలు గుర్తొచ్చాయి. ఆ రోజు ఆమెకు ప్రాక్టికల్ క్లాసు ఉంది, నా లెక్క కోసం మానేసింది. నేను బయల్దేరేటప్పుడు తను ఏమీ అడగలేదు. ఎల్బీ నగర్‌లో మెట్రో మెట్లు దాటాక చెరుకురసం బండి ఉంటుందని, తమ ఊరి ఆటో అక్కడే ఆగుతుందని, ఎప్పుడైనా అటు వస్తే కలవమని మాత్రం అంది.

ప్రసాదరావు సార్ కాగితం చూసి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఏవమ్మా శ్రావణీ, ఒక్కళ్లు కూడా ఎక్కలేదా?"

జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు. ప్రొఫైల్ శుక్రవారం డిపోకు చేరాలి. ఉదయపు లెక్క ఒక్క రోజే ఉంటుంది, అది సున్నా వస్తే చివరి పేజీలో సిఫారసు ఒకటే. బస్సు అవసరం లేదు. ఒకసారి అలా రాసిన ఊరికి మళ్లీ ప్రొఫైల్ ఎప్పుడు వేస్తారో ఎవరూ చెప్పలేరు. దసరా దాటడం మాత్రం ఖాయం. సార్ కలం తీయబోతున్నారు.

మా పనికి ఒక నియమాల పుస్తకం ఉంది. అందరికీ ఇస్తారు, ఎవరూ చదవరు. నేను పుస్తకం అంటే ఏదైనా చదివే మనిషిని గనక అల్మాస్‌గూడ బస్సులో మొదటి వారమే అట్ట నుంచి అట్ట దాకా చదివేశాను. ఉదయపు లెక్క మామూలు రోజునే జరగాలని అందులో ఉంది. వాన, బంద్, సంత, జాతర ఉన్న రోజు లెక్క చెల్లదు. అలాంటప్పుడు తిరుగు లెక్క తీయవచ్చు. అంటే సాయంత్రం పట్నం వైపు స్టేజీలో నిలబడి, ఊరికి పోయే బండి ఎక్కేవాళ్లను లెక్కపెట్టడం. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు పెగిలేసరికి కింద కోచింగ్ సెంటర్‌లో ఒక లెక్క మొదలై పూర్తయింది.

"సార్, షామియానా వేశారు. చాయ్ కాచారు. పనికి ఎవరూ పోలేదు. అది మామూలు రోజు కాదు సార్," అన్నాను.

ఆయన పుస్తకం తీసి ఆ పేజీ వెతికారు. చదివారు. "జాతర రోజు చెల్లదని ఉంది. పూలు కూడా పెట్టారంటున్నావు. ఇది జాతరే కదమ్మా," అని మొదటిసారి నవ్వారు. అయితే ఒక చిక్కు చెప్పారు. సాయంత్రం ఎల్బీ నగర్‌లో అంత జనంలో ఒక ఊరివాళ్లను ఎలా పోల్చుకుంటావని అడిగారు. చెరుకురసం బండి సంగతి చెప్పాను. ఎక్కే ప్రతి మనిషినీ ఏ ఊరని అడగాలి, అడగగలవా అన్నారు. అడుగుతానన్నాను. చివరికి ఒక షరతు పెట్టారు. ఊళ్లో ఒక్కరికి కూడా ముందు చెప్పకూడదు. భాగ్యమ్మకు అసలే చెప్పకూడదు.

గురువారం సాయంత్రం ఎల్బీ నగర్‌లో చెరుకురసం బండి పక్కన నిలబడ్డాను. మెట్రో మెట్ల మీంచి జనం దిగుతున్నారు. ఇంటింటికీ తిరిగినా, షామియానా కింద చూసినా, జొన్నగూడెం నాకు సరిగా కనిపించలేదని అక్కడే తెలిసింది. ఇస్త్రీ బట్టల్లో కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఇక్కడ సిమెంటు దుమ్ముతో, చేతిలో టిఫిన్ డబ్బాతో వచ్చాడు. చీరల షాపు అమ్మాయిలు కొంగుకు పెట్టుకున్న పేరు బిళ్లలు తీయడం మరచిపోయి వచ్చారు. ఆకుకూరలామె ఖాళీ గంపను బోర్లించి దాని మీద కూర్చుంది. వాచ్‌మన్ యూనిఫాం పై గుండీ విప్పి చెరుకురసం చెప్పాడు. ఊరు మెల్లమెల్లగా ఆ బండి చుట్టూ చేరింది.

మొదటి మనిషిని మీది ఏ ఊరని అడగడానికే కష్టపడ్డాను. ఆకుకూరలామె నన్ను గుర్తుపట్టింది. "ఏందమ్మా, ఇయ్యాల గూడ లెక్కనా? చెప్తే అందరం ఒస్తుంటిమి గద," అంది. చెప్పకూడదనే చెప్పలేదన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, అర్థమైనట్టు తలూపి, ఆటో రాగానే గంపతో సహా అందరికంటే ముందు ఎక్కి కూర్చుని నా కాగితం వైపు చూసింది. గీత పడ్డాక గానీ చూపు తిప్పలేదు.

అక్కడి నుంచి పని సాగింది. నర్సింహ ఆటో తెచ్చి, నన్ను చూసి, ఎక్కించేటప్పుడే ఊరి పేర్లు అరవడం మొదలుపెట్టాడు. ఒకాయన పక్క ఊరి మనిషినని, అయినా ఆ బస్సు వస్తే అదే ఎక్కుతానని, తనను కూడా రాయమని పట్టుబట్టాడు. దారిలో దిగేవాళ్లకు ఫారంలో వేరే గడి ఉంది, అందులో రాశాను. అది చూసి మరో ఇద్దరు వచ్చారు. వాళ్లు అసలు ఇబ్రహీంపట్నం పోవాలట, లెక్క జరుగుతోందంటే ఉత్తినే వచ్చారు. వాళ్లను రాయలేదు. మరో ఆటో నిండి పోయాక సందు దొరికితే నర్సింహను అడిగాను, బస్సు వస్తే నీ బండి ఎలా నడుస్తుందని. అతను ఆ సంగతి ముందే ఆలోచించి పెట్టుకున్నాడు.

"బస్సు టైముకొస్తది, టైముకు పోతది. తప్పినోళ్లంత నా ఓళ్లే. మా ఊర్ల టైముకు ఒచ్చేటోడు ఎవడున్నడు మేడం?"

మంజుల చివర్లో వచ్చింది, పరుగెత్తుకుంటూ. అప్పటికి నర్సింహ ఆటో రెండోసారి నిండిపోయింది. నా కాగితం చూసి ఆమెకు విషయం తెలిసిపోయింది. లోపల అంగుళం ఖాళీ లేదు. ఇంకో ఆటో ఎప్పుడొస్తుందో, అసలు నిండుతుందో లేదో చెప్పలేం. ఎవరి కోసం ఆ సాయంత్రం నేనక్కడ నిలబడ్డానో ఆ మనిషి నిలబడే ఉంది. నిలబడ్డవాళ్లకు గీత లేదు. పెన్సిలు పట్టుకుని నేను చేయగలిగిందేమీ లేదు.

అప్పుడు ఆటో లోపలి నుంచి చీరల షాపు అమ్మాయి ఒకతి అంది. "జరగుండ్రి జర. కాళ్లు దగ్గరవెట్టుకోండ్రి. గా పిల్ల ఎక్కకుంటే లెక్క ఖరాబైతది."

ఎవరో ఒడిలోకి బ్యాగు తీసుకున్నారు. సిమెంటు దుమ్ముతో వచ్చిన పెద్దమనిషి లేచి నర్సింహ పక్కకు మారాడు. వాచ్‌మన్ సగం బయటికి జరిగాడు. దొరికిన చోటులో మంజుల వంగి కూర్చుంది. కూర్చుని నా వైపు తిరిగి, ఫారం ప్రకారం నేను అడగాల్సిన ప్రశ్న నేను అడగకముందే, "జొన్నగూడెం" అంది. నాలుగు నిలువు గీతలు అప్పటికే ఉన్నాయి. ఆమెది అడ్డగీత అయింది.

మర్నాడు ప్రసాదరావు సార్ ఆ కాగితాలు తిప్పి చూసి, పక్క ఊళ్ల గడిని రెండుసార్లు కూడి, చివరి పేజీలో ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, రెండు ట్రిప్పులకు సిఫారసు రాశారు. సంతకానికి ముందు, ఉదయపు లెక్క ఎందుకు చెల్లలేదో కారణం రాయాల్సిన చోట కలం ఆపారు. ఏం రాయమంటావని నన్నే అడిగారు. నేను ఏదో సణిగాను. ఆయన "గ్రామంలో ఉత్సవ వాతావరణం" అని రాశారు. డిపో నుంచి దాని మీద ఏ ప్రశ్నా రాలేదు.

బస్సు దసరాకు ముందే వచ్చింది. భాగ్యమ్మ ఫోను చేసి, ఈసారి లెక్క లేదు, ఊకెనే రమ్మంది. నేను వెళ్లేసరికి అదే షామియానా, అవే కుర్చీలు, అదే చాయ్ గిన్నె. బస్సుకు పసుపు, కుంకుమ, బంతిదండ. కొబ్బరికాయ కొట్టారు. ఊరంతా బస్సు చుట్టూ నిలబడి చూస్తోంది. కొందరు చక్రాలు తడుముతున్నారు. కొందరు వెనక్కి వెళ్లి బోర్డు చదువుతున్నారు. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. కండక్టర్ కిందికి దిగి అందరినీ చూశాడు.

"ఎక్కేటోళ్లు ఎవరన్న ఉన్నరా, లేదా?"

ఎవరూ కదల్లేదు. ఆ రోజు కూడా ఎవరూ పనికి పోలేదు. బస్సు వచ్చే రోజని ఊరంతా సెలవు పెట్టింది. నర్సింహ నా వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నాకు క్లాసుకు టైమైతున్నది," అంటూ మంజుల జనం మధ్య నుంచి వచ్చి, దండ కింద వంగి, బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. వాళ్ల నాయిన కింద నిలబడి, తల ఎత్తి ఆమెను చూశాడు. తర్వాత మెట్టెక్కి లోపలికి వెళ్లి ఆమె వెనక సీటులో కూర్చున్నాడు. పని లేకపోయినా ఒకసారి ఎల్బీ నగర్ దాకా పోయి వస్తానన్నాడు. దాంతో భాగ్యమ్మ కొంగు దోపుకుని, ఇది చూసేది కాదు ఎక్కేది అని అందరినీ తరిమింది. నేను ఎక్కేసరికి నిలబడే చోటే మిగిలింది. ఈసారి నేనూ టికెట్ తీసుకున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ ఉద్యోగం చేశాను. చాలా ఊళ్లు తిరిగాను. ఇప్పుడు ఆ పని వదిలేసి గ్రంథాలయ శాస్త్రం చదువుతున్నాను. జొన్నగూడెం తర్వాత మా నోటీసు మారింది. సహకరించగలరు అన్న మాట తీసేశాం, ఎందుకంటే ఆ మాటకు ఒక్కో ఊరు ఒక్కో అర్థం చేసుకుంటుంది. లెక్కపెట్టే మనిషి కోసం ఊరు ఆగి నిలబడితే, ఆ రోజు దొరికేది మర్యాద మాత్రమే. లెక్క కావాలంటే ఊరు తన పని మీద తాను పోతూ ఉండాలి, మనం దారి పక్కన నిలబడాలి. అందుకని నోటీసు చివర ఒక వాక్యం చేర్చాం: గణన జరుగు రోజున ఎవరి పనికి వారు ఎప్పటివలెనే వెళ్లవలెను.